తల లేని దుంగ

బుధవారం పొద్దున మిరియాటా తను చూసుకునే ఊరి భోజనశాలలోకి అడుగుపెట్టేసరికి రావిరి బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నాడు.

“దిగు.”

వాడు దిగాడు.

“తిండి తినే బల్ల మీద ఏది ఆనించి కూర్చున్నావో తెలుసా?”

“తెలుసత్తా.”

“తెలిస్తే చాలు, చెప్పకు. తుడువు.”

పిల్లలంతా కిసుక్కున నవ్వారు. మిరియాటా నవ్వలేదు. బడి కప్పు కారుతోందని, రెండు రోజులకి కాస్త చోటిమ్మని పంతులమ్మ హూరియా అడిగితే సరేనంది. ఇది రెండో వారం. నేల కనబడటం లేదు. ఎటు చూసినా నార ఆకులు, చీలికలు, ఈనెలు. తలుపు దగ్గర బురద బూట్లు. అరుగు మీద ఎవరివో తడి మేజోళ్ళు ఆరేసి ఉన్నాయి.

శనివారం కృత్తికల పండుగ. అవతలి ఒడ్డు జనం భోజనానికి వస్తున్నారు. వాళ్ళు వచ్చేసరికి పిల్లలు దుంగని నారతో అల్లి తయారు చెయ్యాలి.

దుంగ అంటే ఈ ఊరి తానిఫా, నీళ్ళని కాచే దేవత. రేవులో నీటి అడుగున ఉంటుంది. ఒకప్పుడు పోటుకి ఎదురు ఈదుకుంటూ వచ్చి పడవ మునిగిన వాళ్ళని వీపు మీద ఎక్కించుకుని ఒడ్డుకి చేర్చింది. పరాయివాడికి కొట్టుకొస్తున్న చెట్టుమొద్దులా కనబడుతుంది. ఊళ్ళో వాళ్ళు మాత్రం దాని వైపు వేలు చూపించరు. ఆ కథ మిరియాటాకి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. కథ మీద ఆమెకి ఏ కోపమూ లేదు. ఆమె బాధంతా నేల గురించి.

“ఆకు దాటకు. చుట్టూ తిరిగి వెళ్ళు.”

“చుట్టూ కూడా ఆకులే అత్తా.”

“అయితే ఉన్నచోటే ఉండు.”

కిటికీ కింద రిపేకా ఒక్కతే కూర్చుని ఉంది. పదేళ్ళ పిల్ల. పట్నం నుంచి ఈ మధ్యే వచ్చి, అమ్మమ్మ అక్క కతరీనా ఇంట్లో ఉంటోంది. మిగతా పిల్లలు దుంగ ఒళ్ళు తలో మూర అల్లుతున్నారు. తల మాత్రం ఈ పిల్లకి వచ్చింది. చీట్లు వేస్తే వచ్చింది కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు.

రిపేకా ఆకు మధ్య ఈనె తీసేసి, బొటనవేలి గోటితో సన్నగా చీల్చి, ఒక్కో చీలికనీ కత్తి వీపు మీద లాగి మెత్తబరుస్తోంది. రెండు పైన, రెండు కింద. దవడ ఒక వైపు పూర్తయింది. కళ్ళకి నీలిచిప్ప ముక్కలు పక్కన పెట్టుకుంది. అల్లిన నాలుక దవడలోంచి బయటికి వేలాడుతోంది.

“నాలుక ఎక్కువైంది,” అన్నాడు రావిరి.

“నీదాని కంటే తక్కువే,” అంది రిపేకా తల ఎత్తకుండా.

మిరియాటా వంగి చూసింది. “ఇదిగో, ఈ వరస వదులైంది. విప్పు.”

రిపేకా మారు మాట్లాడకుండా ఆ వరస దాకా విప్పింది. అందులో వంక పెట్టడానికేమీ దొరక్క మిరియాటా మిగతా వాళ్ళ మీదికి తిరిగింది.

“వాడనివీ, తెగినవీ ఏరి తీసుకెళ్ళి నారపొద మొదట్లో పెట్టి రండి. ఎక్కడి నుంచి కోశారో అక్కడికే. చెత్తబుట్టలో ఒక్క ముక్క కనబడిందంటే ఒక్కొక్కరి తాట తీస్తాను.”

మధ్యాహ్నం హోహెపా వచ్చాడు. మిరియాటాకి అన్న. డెబ్బై దాటినా ఇప్పటికీ గుమ్మంలో తల వంచుకుని రావలసిన మనిషి. పడుచుతనంలో ఓడరేవులో మూటలు మోశాడు. ఇప్పుడు సభల్లో ఊరి తరఫున లేచి మాట్లాడేది ఆయనే. పిల్లలు కుర్చీ వేశారు. ఆయన చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని పచ్చటి అల్లిక వైపు చూశాడు.

“ఇదేం దుంగ? అరటికాయలా ఉంది.”

“రంగు వేస్తాం తాతా,” అంది హూరియా. “నల్ల రంగు డబ్బా కొన్నాను.”

“డబ్బా రంగా? తానిఫాకి? మా అమ్మ బెరడు ఉడకబెట్టి, అందులో నార ముంచి, ఆ తర్వాత నల్లబురదలో పిసికేది. వందేళ్ళయినా పోయేది కాదు ఆ నలుపు.”

“అయితే అలాగే చేద్దాం తాతా!” అన్నారు పిల్లలు.

“ఎక్కడైనా చేసుకోండి. నా వంటగదిలో మాత్రం కాదు,” అంది మిరియాటా. ఎవరూ విన్నట్టు లేదు.

గురువారం ఆమె పంది ఎముకలకీ, పిండికీ పక్క ఊరి బజారుకి వెళ్ళింది. దారిలో వాన. దుకాణం వాడు ఎముకలు రెండు బస్తాలు ఉంచుతానని ఒకటే ఉంచాడు. తిరిగి వచ్చి బండి దిగుతుంటేనే వాసన తగిలింది. వగరు వాసన, తడి చెట్టు వాసన.

పొయ్యి మీద గుండిగ ఉంది.

ఇనప గుండిగ. ఊరంతటికీ ఒకేసారి ఎముకలూ, ఏటి ఆకుకూరా, పిండి ఉండలూ ఉడికేది అందులోనే. పెళ్ళికీ చావుకీ అదే. ఇప్పుడు దాన్నిండా ఎర్రటి నీళ్ళు, పైన బెరడు పెళ్ళలు తేలుతున్నాయి. పక్కన పీట మీద నిలబడి రిపేకా కర్రతో కలుపుతోంది. మిగతా పిల్లలు ఎవరూ లేరు.

మిరియాటా చేతిలో పిండి సంచీ కింద పెట్టింది. తిండి వండే దానిలో తిండి కానిది ఉడికితే ఇక అది వంట గిన్నె కాదు. తోమితే పోయే మైల కాదు అది. ఎల్లుండి నూరు మంది వస్తున్నారు.

“ఎవరు పెట్టారిది?”

రిపేకా కలపడం ఆపింది.

“నిన్నే. కర్ర నీ చేతిలోనే ఉందిగా.”

పిల్ల గుమ్మం వైపు చూసింది. మిరియాటా కూడా చూసింది. అక్కడ హోహెపా నిలబడి ఉన్నాడు. కర్ర మీద రెండు చేతులూ వేసుకుని ఉన్నాడు.

“అటేం చూస్తావు? నా మొహం చూడు. పట్నంలో ఇలాగే వండుకుంటారా? మీ ఇంట్లో చెప్పేవాళ్ళు లేరా ఏ గిన్నె దేనికో?”

హూరియా పరుగున వచ్చింది. వెనక బకెట్లు మోసుకుంటూ పిల్లలు, మోకాళ్ళ దాకా బురద. “ఏమైందత్తా? బురద కోసం వాగు దగ్గరికి వెళ్ళాం. తల పూర్తి కాలేదని రిపేకా ఉండిపోయింది. బెరడు బకెట్లో నానబెడదాం అనుకున్నాం గానీ…” గుండిగని చూసి ఆగిపోయింది. “అయ్యో రిపేకా!”

“అయ్యో అంటే అయిపోయిందా? నేనెందులో వండాలి? నీ బకెట్లోనా?”

అప్పుడు హోహెపా గొంతు సవరించుకున్నాడు.

“పోనీలే మిరీ. చిన్నపిల్ల. తెలియక చేసింది. వదిలెయ్.”

పెద్దమనిషి మాట అంటే అలా ఉండాలన్నట్టు హూరియా తలూపింది. రిపేకా ఆయన వైపు అలాగే చూసింది. తర్వాత కర్ర పొయ్యి గట్టు మీద అడ్డంగా పెట్టి పీట దిగింది.

“నీ సరంజామా తీసుకుని ఇంటికి పో,” అంది మిరియాటా. “ఇక ఈ గదిలో నాకు కనబడకు.”

పిల్ల కిటికీ కిందికి వెళ్ళి తల తీసుకుని, కోటు లోపల పెట్టుకుని, వానలోకి వెళ్ళిపోయింది. హోహెపా గుమ్మంలోంచి పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

సాయంత్రానికి దుంగ నల్లబడింది. బెరడు నీళ్ళు పారబోయలేక, పారబోయకుండా ఉండలేక, చివరికి పిల్లలు అందులోనే ముంచి బురద పూశారు. ఎలాగూ పోయిన గుండిగే కదా. తలా ఒక మూర అల్లినవన్నీ కలిపి కుట్టి గోడ పొడుగునా పరిచారు. మెడ దగ్గర చీలికలు ఊరికే వేలాడుతున్నాయి.

“తల ఏదత్తా?” అన్నాడు రావిరి.

“మీలో ఎవరో ఒకరు చెయ్యండి.”

“అది రిపేకాది.”

“రిపేకా లేదు. నువ్వు చెయ్యి.”

“నేను చెయ్యనత్తా.” వాడు గోళ్ళ కింద బురద తీసుకుంటున్నాడు. మిగతావాళ్ళూ తలలు వంచుకున్నారు. “తల లేకపోతే అది ఒట్టి దుంగే కదా.”

“కథలో ఉన్నది దుంగేగా?”

“చూసేవాళ్ళకి దుంగ. మనకి కాదుగా.”

“నోరు మూసుకుని నేల ఊడ్చు,” అంది మిరియాటా.

శుక్రవారం గుండిగ కోసం వంతెన దాటక తప్పలేదు. అంత పెద్దది చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. అవతలి ఒడ్డు భోజనశాల మాకారెటాది. పోయిన తమ్ముడి భార్య. రేపు వచ్చే అతిథుల్లో ముందు నడిచేది ఆవిడే. అతిథుల దగ్గర గిన్నె అరువు తెచ్చి అతిథులకే వండటం మిరియాటా ఎరిగినంతలో ఏ ఊరూ చెయ్యలేదు. దారి పొడుగునా ఆ మాటే తలుచుకుని పళ్ళు కొరుక్కుంది.

మాకారెటా అంతా విని నడుం మీద చెయ్యి వేసుకుంది.

“మా గుండిగ తీసుకెళ్ళి మాకే వండి పెడతావా వదినా? ఎముకలు కూడా పంపమంటావా?”

“ఒక బస్తా తక్కువైంది. ఉంటే ఇవ్వు.”

“ఓరి నాయనో! వంట కూడా నన్నే చెయ్యమంటావేమో అనుకున్నాను.”

“నువ్వు చేస్తే తినేదెవరు? పట్టు ఆ వైపు.”

ఇద్దరూ చెరో చెవి పట్టుకుని ఎత్తారు. గుమ్మం దగ్గర ఒకసారి, మెట్ల మీద ఒకసారి దించారు. బండి అంచు దాకా ఎత్తేసరికి మాకారెటా ఆయాసంతో కూలబడింది.

“నా నడుం పోయింది. రేపు నాకు మెత్త కుర్చీ వెయ్యి, చెప్తున్నాను.”

మిరియాటా చెయ్యి గుండిగ చెవి మీద అలాగే ఉంది. తన గుండిగ నేల మీద కూడా ఉండదు. సామాన్ల గదిలో, తలుపు పైన అటక మీద ఉంటుంది. దించాలంటే నిచ్చెన వెయ్యాలి. ఆ గదికి తాళం. నిన్న ఆ తాళంచెవి తనతోపాటు బజారుకి వచ్చింది, ఇదే జేబులో. రెండోది ఉన్నది ఒక్కరి దగ్గరే.

“ఏమైంది వదినా? బండెక్కు, తడుస్తున్నావు.”

“నీకు పదేళ్ళప్పుడు ఇది ఎత్తగలిగేదానివా?”

“యాభై ఏళ్ళొచ్చాకే ఎత్తలేకపోతున్నాను. ఏం, ఎందుకూ?”

“ఏం లేదు,” అంది మిరియాటా. తన మీద తనకే అసహ్యం వేసింది. పొయ్యి మీద గుండిగని చూసింది, కర్ర చూసింది, పిల్లని చూసింది. పిల్ల ఎత్తు మాత్రం చూడలేదు.

కతరీనా ఇంటి వెనక రిపేకా కోళ్ళకి తవుడు కలుపుతోంది. మిరియాటాని చూసి లేచి నిలబడింది. వెనక్కి ఒక అడుగు వేసింది.

“గుండిగ నువ్వు దించలేదు.”

“లేదత్తా.”

“మరి నిన్న నోరెందుకు పెగల్లేదు? అంతసేపు తిట్టించుకున్నావు!”

“తాత అక్కడే ఉన్నారు కదా.” రిపేకా చేతికంటిన తవుడు గౌనుకి రాసుకుంది. “ఆయనే చెప్తారనుకున్నాను.”

మిరియాటా కోళ్ళ వైపు చూసింది. వాటి మీద అరవడానికి కూడా ఏమీ కనబడలేదు.

“తల ఏదీ?”

“పొద దగ్గర.”

“పొద దగ్గరేం చేస్తోంది?”

“వాడనివి పొద మొదట్లో పెట్టాలన్నారు కదా మీరు.”

ఇద్దరూ వానలోనే నడిచారు. నారపొద మొదట్లో, తెగిన చీలికల మీద తల ఉంది. ముక్కు ఊరి వైపు తిప్పి నీటుగా పెట్టి ఉంది. రాత్రంతా తడవడం వల్ల నార మెత్తగానే ఉంది. చిప్ప కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి. వదులు వరస మళ్ళీ అల్లి బిగించి ఉంది. ఇంటికి పొమ్మన్న తర్వాత బిగించిందా, ముందా అని అడగబోయి మిరియాటా మానేసింది.

“తియ్యి. నేను తియ్యకూడదు, నీది.”

నల్ల ఒంటికి పచ్చ తల కట్టారు. రంగు ముంచే వేళ లేదు. అందరూ ఒకేసారి చేతులు పెట్టడంతో మెడ వంకరగా కుదిరింది.

“మెడ పట్టేసింది దీనికి,” అన్నాడు రావిరి.

“నీకు పట్టించమంటావా?” అంది రిపేకా. రెండు రోజుల తర్వాత ఆ గదిలో పిల్లలు గట్టిగా నవ్వారు. మిరియాటా ఊరుకుంది.

ఆమె వాకిట్లో హోహెపా కోసం ఆగింది. ఆయన రేపటి మాటలు పెదవులతో నెమరేసుకుంటూ వచ్చాడు.

“అన్నయ్యా, రేపు లేచేది నువ్వేగా.”

“నేను కాక ఎవరున్నారు?”

“చెప్పాల్సిందేమైనా మర్చిపోతున్నావేమో చూసుకో.”

ఆయన ఆగాడు. చెల్లెలి మొహం చూశాడు. ఆ తర్వాత తలుపులోంచి గోడ పక్కన పరిచిన దుంగని, దాని పచ్చ తలని చూశాడు.

“ఎనిమిది తరాల పేర్లు తడుముకోకుండా చెప్తాను. నేనేం మర్చిపోతాను?”

“సరే,” అంది మిరియాటా.

శనివారం వాన తెరిపిచ్చింది. అవతలి ఒడ్డు జనం వాకిలి దాటి వచ్చి కూర్చున్నారు. పిల్లల దుంగని సభాగృహం గోడకి వేలాడదీశారు. పిల్లలు దాని కింద బెంచీ మీద. రిపేకా చివర. మాకారెటాకి మెత్త కుర్చీ పడింది.

హోహెపా లేచాడు. గొంతు బాగుంది. పోయిన వాళ్ళని తలిచాడు, పొడిచిన చుక్కలని తలిచాడు, రెండు ఒడ్డుల పేర్లనీ ఒక దారంలో గుచ్చాడు. అతిథుల్లో ముసలివాళ్ళు “అదీ, అదీ” అంటున్నారు. ఆయన కర్ర ఊపుకుంటూ అటూ ఇటూ నడిచాడు. దుంగ ముందు ఆగాడు.

“మా రేవు కాపరిని చూశారుగా. మెడ కాస్త వంకర. ఏం చేస్తాం, ఆ తల పట్నంలో పుట్టింది.” జనం నవ్వారు. నవ్వు వినగానే ఆయనకి ఉత్సాహం వచ్చింది. “ఆ తల చేసిన పిల్లే మా గుండిగలో బెరడు పులుసు కాచింది! అందుకే ఇవాళ మీ గుండిగలో మీరే…”

మాకారెటా అందరి కంటే గట్టిగా నవ్వింది. రిపేకా తన బూట్ల వైపు చూసుకుంటోంది.

మిరియాటా లేచి నిలబడింది.

మాట్లాడేవాడు ముగించాక అతని వెనక నిలబడి పాట ఎత్తుకోవడం ఆడవాళ్ళ పని. ముగించకముందే ఎత్తుకున్నారంటే, ఇక చాలు, కూర్చోమని. మిరియాటా తల్లి ఒకే ఒక్కసారి అలా చేసింది. ఆ మనిషి మళ్ళీ లేవడానికి ఏడాది పట్టింది.

మిరియాటా ఎత్తుకున్నది ఉన్నవాటిలో అన్నిటికంటే పొడుగాటి పాట.

పక్కనున్న ఆడవాళ్ళు ముందు బిత్తరపోయారు. కానీ ఎత్తుకున్నాక ఒంటరిగా వదిలెయ్యడం లేదు. ఒక్కొక్కరూ లేచారు. హూరియా లేచింది. కతరీనా కర్ర పట్టుకుని లేచింది. అతిథుల నవ్వు ఆగిపోయింది. మాకారెటా నవ్వు మొహం మీదే ఉండిపోయి, మెల్లగా సర్దుకుంది. హోహెపా కర్ర గాలిలోనే ఉంది. ఆయన మాట నోట్లోనే ఉంది. పాట నడుస్తున్నంతసేపూ కదలకూడదు. చరణం తర్వాత చరణం ఆయన అలాగే నిలబడ్డాడు.

పాట అయిపోయింది. ఆయన కూర్చోవాలి. కూర్చోలేదు.

కర్ర కింద ఆనించాడు.

“గుండిగ దించింది నేను,” అన్నాడు. అంతకు ముందున్న గొంతు కాదది. “అమ్మ బెరడు కాచే గుండిగ అనుకున్నాను. రెండూ ఒకలాగే ఉండేవి. పొయ్యి మీద పెట్టి, కలపమని ఆ పిల్లకి కర్ర ఇచ్చింది కూడా నేనే. మా చెల్లెలు దాన్ని తిడుతుంటే అక్కడే నిలబడ్డాను.”

ఇంకేదో ఉందన్నట్టు ఆగాడు. ఏమీ లేదు. పాట కోసం వెనక్కి చూశాడు.

ఆడవాళ్ళు మిరియాటా వైపు చూశారు. ఆమె కూర్చుని ఉంది, చేతులు కట్టుకుని. పాట ముందే అయిపోయింది. ఒక మాటకి ఒక పాట. రెండోది ఎవరూ ఎత్తుకోలేదు. వెనక పాట లేకుండా హోహెపా తన చోటికి తనే నడిచి వెళ్ళి కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. అది అందరికీ వినబడింది.

మిరియాటాకి పిండి ఉండలు గుర్తొచ్చాయి. “మాడిపోతాయి,” అని లేచి వెళ్ళిపోయింది.

భోజనాలు మూడు పంక్తులయ్యాయి. ఎముకలు సరిపోయాయి. మాకారెటా రెండుసార్లు వడ్డించుకుని ఉప్పు తక్కువంది. గుండిగ మీది కాబట్టి ఉప్పు అందులోనే ఉంటుందనుకున్నానంది మిరియాటా. గిన్నెల దగ్గర రిపేకా, రావిరి, ఇంకో ఇద్దరు పిల్లలు. కడిగేవాళ్ళు కడుగుతున్నారు, తుడిచేవాళ్ళు తుడుస్తున్నారు. నీళ్ళు కాళ్ళ మీదికి కారుతున్నాయి. పళ్ళేల గుట్ట తరగడం లేదు.

వెనక గుమ్మంలో వెలుతురు తగ్గింది. హోహెపా తల వంచుకుని లోపలికి వచ్చాడు. సభలో ముందు కూర్చుని మాట్లాడే మనిషి గిన్నెల గదిలోకి రావడం ఎవరూ చూసి ఎరగరు. పిల్లలు కడగడం ఆపేశారు. ఆయన కర్ర మూలకి ఆనించాడు. కోటు చేతులు పైకి మడుచుకున్నాడు. ఎవరినీ చూడకుండా వంకెకి వేలాడుతున్న గుడ్డ ఒకటి తీసుకుని, గుట్ట మీది పళ్ళెం అందుకున్నాడు.

రిపేకా అటూ ఇటూ చూసింది. మిరియాటా పొయ్యి వైపు తిరిగి ఉంది.

“తాతా,” అంది మెల్లగా. “అది నేల తుడిచేది.”

హోహెపా చేతిలో గుడ్డ చూసుకున్నాడు. పళ్ళెం చూసుకున్నాడు.

“మరి పళ్ళేలకి ఏది?”

“తెల్లది. పక్క వంకెకి ఉంది. ఈ పళ్ళెం మళ్ళీ కడగాలి, ఇలా ఇవ్వండి.”

ఆయన ఇచ్చాడు. రిపేకా దాన్ని మళ్ళీ వేడినీళ్ళలో ముంచింది. ఆయన నేల గుడ్డ దాని వంకెకి తగిలించి, తెల్ల గుడ్డ తీసుకుని, చెయ్యి చాపి నిలబడ్డాడు.

“అంచులు కూడా,” అంది మిరియాటా వెనక్కి తిరగకుండా. “అంచులు తుడవకుండా పేరుస్తారు ఈ ఇంట్లో ప్రతివాళ్ళూ.”